అమ్మకి దుబాసీ

పోయిన నెల ఈ శీర్షికలో ఏమీ రాయలేదు. ఇద్దరు ముగ్గురు మెయిలు పెట్టి అడిగారు కూడా. రాయడానికి కూచోకపోలేదు. నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లూ చెరిపేశాను. రాయాలనుకున్న సంగతిలో సగం చెప్పడానికి నాకు హక్కు లేదు, మిగతా సగం చెప్పడానికి ధైర్యం చాల్లేదు. ఆ హక్కు లేని సగాన్ని అలాగే పక్కన ఉంచి, రెండో సగం ఇవాళ రాసేస్తున్నాను.

మా అమ్మ 2023 అక్టోబరులో అమెరికా వచ్చింది. అందరమ్మల్లాగే, కోడలి పురిటికి. గేదెల్ని వదిలి రానని నాన్న ఊళ్ళోనే ఉండిపోయాడు. మేముండేది ఆర్కన్సాలో, బెంటన్‌విల్. వాల్‌మార్ట్ హెడ్డాఫీసున్న ఊరు కాబట్టి మనవాళ్ళకి కొదవలేదు. అమ్మ పెట్టెలోంచి కారప్పొడి, పండుమిరప పచ్చడి, పసిబిడ్డకి పాత చీరల గుడ్డలు, ఒక జపమాల, గుణదల మాత పటం బయటికొచ్చాయి. పటాన్ని హాల్లో టీవీ పక్కన పెట్టి, అప్పుడడిగింది.

"ఇక్కడ ఆదివారం పూజ ఎన్నింటికిరా?"

ఆ ఊళ్ళో ఆరేళ్ళ నుంచి ఉంటున్నాను. గుడి ఎక్కడుందో కూడా నాకు తెలీదు. ఫోన్లో వెతికి, "తొమ్మిదింటికి" అన్నాను, రోజూ వెళ్ళేవాడిలాగా.

తెలియనివాళ్ళకి ఒక ముక్క. మేం ఆర్సీయంవాళ్ళం. అంటే రోమన్ కాథలిక్ మిషన్. మిగతా క్రైస్తవులు ఆదివారం ఆరాధనకి వెళితే మేం దివ్యపూజకి వెళతాం. మాకు మరియమాత ఉంటుంది, జపమాల ఉంటుంది, విభూది బుధవారం ఉంటుంది. ఫిబ్రవరిలో 9, 10, 11 తారీఖుల్లో విజయవాడ దగ్గర గుణదల కొండకి వెళ్ళి తలనీలాలు ఇచ్చి కొబ్బరికాయ కొట్టేవాళ్ళని మీరు చూసే ఉంటారు. వాళ్ళమే మేం.

ఆ ఆదివారం అమ్మని గుడి ముందు దింపి, నేను కారులో కూచున్నాను. లాప్‌టాప్ తెరిచి ఏదో పని చేసుకున్నాను. గంటకి వచ్చింది. చేతిలో ఆ వారం ప్రకటనల కాగితం, తనకి ఒక్క అక్షరం రానిది, జాగ్రత్తగా మడిచి పట్టుకుని. పై ఆదివారం మళ్ళీ అంతే. లోపలికి రారా అని ఒక్కసారి కూడా అనలేదు. "అంతసేపు కారులో కూచుంటే చలెయ్యట్లా?" అని మాత్రం అడిగేది.

నా స్నేహితుడొకడు ఇక్కడి తెలుగు క్రైస్తవుల కూడికకి ఒకసారి తీసుకెళ్ళాడు. తెలుగు పాటలు, తెలుగు ప్రసంగం, తరవాత బిర్యానీ. అమ్మకి అదే సుఖంగా ఉంటుందనుకున్నాను. తిరిగొచ్చి, "అందరూ మంచోళ్ళేరా. పాటలు కూడా బాగా పాడారు. కానీ పూజ లేదుగా. సత్ప్రసాదం లేదుగా" అంది. తరవాత మధ్యాహ్నం స్పానిష్ పూజ ఉంటుందని తనే కనిపెట్టింది. అందులో ఇంగ్లీషు కన్నా ఏం ఎక్కువ అర్థమవుతుందమ్మా అంటే, "అర్థం కాకపోతే ఏం, ఆళ్ళు మన తీరుగా ఉంటారు" అంది. పిల్లలు నడవాలో పరుగులు పెడుతుంటారట. ఆడవాళ్ళు మాత పాదాలు తాకి ఆ చెయ్యి పిల్లల నెత్తిన పెడతారట. డిసెంబరు 12న గ్వాడలూపే మాత పండగ. మెక్సికోవాళ్ళు బుట్టలకొద్దీ గులాబీలు తెచ్చి, బూరలు ఊదుకుంటూ, పాడుకుంటూ వచ్చారు. ఆ రోజు చలికి తట్టుకోలేక నేను మొదటిసారి లోపలికి వెళ్ళి, అన్నిటికన్నా వెనక బల్ల మీద కూచున్నాను. అమ్మ వెనక్కి తిరిగి చూసింది. చూసి, ఏమీ అనకుండా మళ్ళీ ముందుకి తిరిగింది.

నేను అంతకు పదహారేళ్ళ కింద గుడి వదిలేశాను. ఎందుకు వదిలేశానో చెప్పాలంటే మా తాతయ్య గురించి చెప్పాలి.

మా తాతయ్య ఉపదేశి. మా వైపు ఒక ఫాదరు గారికి పది పన్నెండు ఊళ్ళుండేవి. ఆయన నెలకొకసారి వచ్చి పూజ చెప్పి వెళ్ళిపోయేవారు. మిగతా రోజులన్నీ ఊళ్ళో గుడిని నడిపేది ఉపదేశే. పొద్దున్నే గంట కొట్టడం, పిల్లలకి జపాలు నేర్పడం, జబ్బు మనుషుల దగ్గర కూచోడం, శవం దగ్గర రాత్రంతా ప్రార్థన చెప్పించడం. పుట్టిన బిడ్డ బతికేట్టు లేకపోతే, ఫాదరు గారు వచ్చేదాకా ఆగకుండా నీళ్ళు పోసి జ్ఞానస్నానం ఇవ్వడం కూడా ఆయన పనే. నలభై ఏళ్ళు చేశాడు. చెప్పుకోదగ్గ జీతం ఎప్పుడూ లేదు. నాకు ఓనమాలు దిద్దించింది కూడా ఆయనే. లేఖినిలో తంటాలు పడి టైపు చెయ్యడం నా అంతట నేను నేర్చుకున్నాను గానీ, అందులో కొట్టే అక్షరాలు మాత్రం ఆయన పెట్టినవే.

మేం మాదిగలం. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులం అనిపించుకోవాలంటే హిందువై ఉండాలి. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుల్ని కలపలేదు. ఆంధ్రాలో మాకు ఇచ్చేది బీసీ-సి. ఎస్సీలకి పదిహేను శాతం ఉంటే మాకు ఒక శాతం. అందుకే చాలా ఇళ్ళల్లో బళ్ళో ఒక పేరు, గుళ్ళో ఒక పేరు ఉంటాయి. వాళ్ళని తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. ఆకలి మీదున్నవాడికి తప్పులెన్నే పని కడుపు నిండినవాడిది. కానీ మా తాతయ్య ఒప్పుకోలేదు. "ఊరందరి పిల్లలకీ అబద్ధమాడొద్దని చెప్పేది నేను. నా మనవడి కాయితం మీద అబద్ధం రాయిస్తానా?" అన్నాడు. నా కాగితం మీద బీసీ-సి అనే రాయించారు. దానివల్ల నాకు రావలసిన కాలేజీ రాలేదు. దూరాన ఇంకో కాలేజీలో చేరాను. నాన్న ఒక ఎకరం అమ్మాడు.

2008లో, నేను ఇంజనీరింగు మూడో ఏడాదిలో ఉండగా తాతయ్య పోయాడు.

మా ఊళ్ళో పెద్దకులాల కాథలిక్కులు కూడా ఉన్నారు. వాళ్ళ పూర్వీకులు ఎప్పుడో 18వ శతాబ్దంలో, ఫ్రెంచి జెస్యూట్ గురువుల కాలంలోనే జ్ఞానస్నానం పుచ్చుకున్నారు. మేం చాలా తరవాత చేరాం. గుడి ఒకటే, ఫాదరు గారు ఒకరే, సత్ప్రసాదం ఒకటే. శ్మశానం మాత్రం మధ్యలో గోడ. నడుమెత్తు గోడ, అంతే. గేదె దాటలేదు గానీ మేక దూకుతుంది. పెద్ద సిలువ ఉన్న వైపు వాళ్ళది, ఇటువైపు మాది. నలభై ఏళ్ళలో ఆ గోడకి రెండు వైపులా ప్రతి సమాధి దగ్గరా నిలబడి ప్రార్థన చెప్పించింది మా తాతయ్య. అందుకని నాన్న ఒక్క మాట అడిగాడు, ఆయన్ని ఆ సిలువ దగ్గర పెట్టనివ్వమని. పెద్దలు తలలు దించుకున్నారు, కానీ ఊ అనలేదు. అప్పటి ఫాదరు గారు నాన్న భుజం మీద చెయ్యి వేసి, "ఇది సమయం కాదు నాయనా" అన్నారు. తాతయ్యని గోడకి ఇవతల పెట్టాం.

నాన్న మరి మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. గుప్పెడు మన్ను వేసి, అటునుంచి అటే బస్సెక్కి హాస్టలుకి వెళ్ళిపోయాను. ఆ తరవాత గుళ్ళో అడుగు పెట్టలేదని కాదు. క్రిస్మసుకి అమ్మ కోసం వెళ్ళాను. 2014లో నా పెళ్ళి కూడా గుళ్ళోనే అయింది. పెళ్ళికి ముందు పాపసంకీర్తనం చెయ్యాలి కదా, చిన్నప్పుడు చెప్పిన పాపాలే మళ్ళీ చెప్పి రెండు నిమిషాల్లో బయటపడ్డాను. అబద్ధమాడాను, తమ్ముణ్ణి కొట్టాను, పూజ మానాను. ఒక్కడూ అడగలేదు. 2022 ఆగస్టులో, హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారిని పోపు కార్డినలుగా నియమించినప్పుడు అమ్మ ఫోన్ చేసింది. దళితుల్లోంచి మొదటి కార్డినలు, తెలుగువాళ్ళలోంచి కూడా మొదటివారు. అమ్మ గొంతులో ఎంత సంబరమో. "ఒక టోపీకి గోడ కూలుద్దామ్మా?" అన్నాను. ఫోన్లో అటునుంచి చాలాసేపు మాట లేదు.

ఇదీ నా లెక్క. గుడి నాకు బాకీ పడింది. ఆ బాకీ తీర్చేదాకా నేను లోపలికి రాను. ఇందులో నాకు తప్పేమీ కనపడలేదు. ఇప్పటికీ ఆ బాకీ ఉందనే అంటాను.

ఇక అమ్మ సంగతి. 2024లో తపస్కాలం ఫిబ్రవరి 14న మొదలైంది. విభూది బుధవారం, ప్రేమికుల రోజు ఒకేరోజు వచ్చాయి. నుదుట బూడిదతో ఆఫీసులో తిరిగినవాళ్ళని చూసే ఉంటారు. మార్చి మొదట్లో అమ్మకి బెంగ పట్టుకుంది. ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చెయ్యాలనీ, పాస్కా కాలంలో సత్ప్రసాదం పుచ్చుకోవాలనీ శ్రీసభ నియమం. 1215లో నాలుగో లాటరన్ మహాసభ పెట్టిన నియమమట అది. అమ్మకి ఆ సభ సంగతి తెలీదు, నియమం తెలుసు. ఊళ్ళో అయితే మట్టల ఆదివారం లోపల అందరూ చేస్తారు. ఇక్కడ ఎవరికి చెప్పుకోవాలి? మన ఫాదరు గారికి వాట్సాప్‌లో చెప్పుకోవచ్చేమో అడగమంది. అడిగాను. ఫోన్లో కుదరదు, మనిషి ఎదురుగా ఉండాలి అన్నారాయన.

ఇక్కడి గుళ్ళో ఇంగ్లీషు పూజ చెప్పే ఫాదరు నైజీరియా నుంచి వచ్చినాయన. ఇగ్బో మనిషి, యాభై దాటి ఉంటాయి, గట్టిగా నవ్వుతాడు. పూజ అయ్యాక వెళ్ళి అమ్మ సంగతి చెప్పాను. "ఆమె తన భాషలోనే చెప్పుకోవచ్చు. పశ్చాత్తాపం ఉందని సైగతో తెలిపినా చాలు, నేను పాపవిమోచనం ఇస్తాను. అలా కాకుండా ఆమె కోరితే, మధ్యలో ఒక దుబాసీని పెట్టుకోవచ్చు" అన్నాడు. అలా ఉంటుందని నాకు తెలీదు. ఆ రాత్రి ఇంజనీరు బుద్ధి పోనిచ్చుకోక వెతికి చదివాను. 1983లో వచ్చిన శ్రీసభ చట్టంలో 990వ నియమం. దుబాసీ ద్వారా పాపసంకీర్తనం చెయ్యడాన్ని ఎవరికీ నిషేధించలేదు. 983వ నియమం రెండో భాగం. ఆ దుబాసీ కూడా విన్నది బయట పెట్టకూడదు.

అమ్మకి మొదటి దారే చెప్పాను. "నువ్వు తెలుగులో చెప్పుకో, ఆయన ఇంగ్లీషులో విమోచనం ఇస్తాడు. దేవుడికి తెలుగు వచ్చుగా."

"దేవుడికి ఇంటోనే చెప్పుకుంటన్నాగా రోజూ. ఇక్కడ మనిషి వినాలి. విని, ఒక మాట అనాలి. గోడకి చెప్పుకున్నట్టు చెప్పుకుని రానా?"

"పోనీ మీ కోడల్ని తీసుకెళ్ళు."

"కోడలి గురించి చెప్పాల్సింది ఉంటే?" అని నవ్వింది. నవ్వి, "నువ్వే రా. నా కడుపున పుట్టినోడివి, నీ దగ్గర నాకేం సిగ్గు" అంది.

సిగ్గు తనకి కాదు, నాకు. అమ్మలకి పాపాలుంటాయని మనం అనుకోం. ఉన్నా తెలుసుకోవాలనుకోం. వారం రోజులు ఏదో ఒక వంక పెట్టి వాయిదా వేశాను. మట్టల ఆదివారం ముందు శనివారం, మార్చి 23న, ఇక తప్పలేదు.

చిన్న గది. మూడు కుర్చీలు వేసి ఉన్నాయి. గోడకి సిలువ, బల్ల మీద కాగితం రుమాళ్ళ డబ్బా. ఫాదరు ముందు నాతోనే మాట్లాడాడు. "ఇక్కడ విన్నది నీతోపాటే సమాధికి పోవాలి. మీ అమ్మతో కూడా మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు. సరేనా?" సరే అన్నాను. అమ్మ సిలువ గుర్తు వేసుకుని మొదలుపెట్టింది. నేను ఇంగ్లీషులో, "ఆమె ఏమంటోందంటే..." అన్నాను.

ఫాదరు చెయ్యి ఎత్తి ఆపాడు. "ఆమె అంటోంది అనకు. 'నేను' అను. ఆమె 'నేను' అంటే నువ్వూ 'నేను' అనాలి. నువ్వు ఆమె నోరువి మాత్రమే."

అక్కడినుంచి జరిగింది నేను చెప్పను. ఎంతసేపు పట్టిందో, అమ్మ ఏడ్చిందో లేదో, అందులో నా పేరు ఉందో లేదో, ఏదీ చెప్పను. నేను మొదట్లో హక్కు లేదన్న సగం అదే. నాకు జరిగింది మాత్రం చెబుతాను. పదహారేళ్ళ తరవాత నా నోరు "నేను పాపం చేశాను" అంది. ఒకసారి కాదు, అమ్మ అన్నన్ని సార్లూ అంది. మాటలు నావి కావు. కానీ గొంతు నాది. ఆ మాట బయటికి వచ్చేటప్పుడు ఒంట్లో ఎక్కడెక్కడ తగులుతుందో నేను మర్చిపోయాను. పెళ్ళికి ముందు చెప్పిన చిన్నపిల్లల పాపాలు ఎక్కడా తగల్లేదు. ఇవి తగిలాయి. అమ్మ, నేను ఏ మచ్చా లేదనుకున్న మనిషి, అలా తల వంచి కూచుని ఉంటే, నేను పక్కనే వెన్ను నిటారుగా పెట్టుకుని కూచున్నానని నాకే తెలిసింది.

ఫాదరు విమోచన ప్రార్థన ఇంగ్లీషులోనే చెప్పాడు. దానికి దుబాసీ అక్కర్లేకపోయింది. ఆ చెయ్యి పైకి లేవడం చూసి అమ్మకి తెలిసిపోయింది. ప్రాయశ్చిత్తం చేసుకోవడానికి బయటికి, గుళ్ళోకి వెళ్ళింది. నేను కూడా లేచాను.

"నీ సంగతి?" అన్నాడాయన.

నేను మళ్ళీ కూచున్నాను. ఎందుకు కూచున్నానో చెప్పలేను. వెళ్ళిపోయి ఉండొచ్చు, తలుపు తెరిచే ఉంది. కూచుని, గోడ సంగతంతా చెప్పాను. తాతయ్య, నలభై ఏళ్ళు, బీసీ-సి కాగితం, సిలువ, సమయం కాదు నాయనా అన్న మాట. ఇంగ్లీషులో చెబుతుంటే అది ఇంకా ఎక్కువ కోపంగా వచ్చింది. ఆయన ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అయిపోయాక, "అది పాపమే, చిన్నది కాదు. మా ఇగ్బోల్లో ఒసు అని ఒక తెగని వెలివేస్తారు. ఒకే గుళ్ళో మోకరిస్తారు, పిల్లనివ్వమంటే ఇవ్వరు. అది నాకు తెలుసు" అన్నాడు. నాకు గెలిచినట్టనిపించింది. అప్పుడన్నాడు.

"కానీ అది వాళ్ళు వచ్చి చెప్పుకోవలసిన పాపం. నువ్వు ఇవాళ మీ అమ్మకి దుబాసీవి. ఆ ఊరివాళ్ళకి దుబాసీవి కాదు. నీది చెప్పు."

నా దగ్గర ఏమీ లేదనుకున్నాను. కాసేపు ఆ రుమాళ్ళ డబ్బా వంక చూస్తూ కూచున్నాను. ఆ తరవాత ఒకటి వచ్చింది, దాని వెనకాల మిగతావన్నీ వచ్చాయి.

హాస్టల్లో చేరిన మొదటి వారం, మీ తాతగారు ఏం చేస్తారని రూమ్మేటు అడిగాడు. "టీచరు" అన్నాను. ఉపదేశి అంటే ఇంకో ప్రశ్న వస్తుంది, దాని వెనక ఇంకోటి, చివరికి కులం దగ్గరికి వస్తుంది. అప్పటికి తాతయ్య బతికే ఉన్నాడు. నా జ్ఞానస్నానపు పేరుని రెండు ఇంగ్లీషు అక్షరాలు చేసి ఇంటిపేరు వెనక దాచేశాను. ఆఫీసులో, ఈ దేశంలో, తెలుగువాళ్ళ ఇళ్ళల్లో, "మీరు ఏమిట్లు?" అన్న ప్రశ్న వచ్చే వాసన రాగానే మాట మార్చడం నాకు వెన్నతో పెట్టిన విద్య. ఆఖరిది ఆ జనవరిలోనే జరిగింది. పాపని చూడ్డానికి ఆఫీసువాళ్ళు వస్తున్నారంటే, హాల్లో ఉన్న గుణదల మాత పటం తీసి పడగ్గదిలో బీరువా వెనక పెట్టాను. అమ్మ చూసింది. వాళ్ళు వెళ్ళాక నేను మళ్ళీ తీసి పెట్టడం మర్చిపోయాను. అమ్మ ఆ పటాన్ని అక్కడే ఉంచుకుని, పడగ్గదిలోనే జపమాల చెప్పుకుంటోంది.

తాతయ్యని గోడ అవతల పెట్టారని పదహారేళ్ళు కోపం పెట్టుకున్నాను. వాళ్ళు ఆయన్ని పెట్టింది 2008లో. నేను 2005లోనే పెట్టాను.

ఇది చెప్పడం అయ్యాక ఆయన కొంచెంసేపు ఊరుకున్నాడు. ప్రాయశ్చిత్తంగా రెండు పనులు చెప్పాడు. ఒకటి, పటం మళ్ళీ హాల్లో పెట్టడం. రెండోది, ఆ గోడ కట్టినవాళ్ళ కోసం వారం రోజులు రోజుకి పది పూసల చొప్పున జపమాల. "రెండోది కుదరదేమో ఫాదర్" అన్నాను. "అందుకే ఇచ్చాను" అని నవ్వాడు. మొదటిది ఐదు నిమిషాల పని. రెండోది పళ్ళు బిగించి చేశాను. జపాలు మర్చిపోయి ఉంటాననుకున్నాను, లేదు. తాతయ్య నేర్పిన వరసలోనే వచ్చాయి, ఆయన దగ్గినచోట దగ్గుతో సహా.

మార్చి 31న ఈస్టరు. అమ్మ ముందు, నేను వెనక, సత్ప్రసాదం వరసలో నిలబడ్డాం. ఏ మెరుపూ మెరవలేదు. చిన్నప్పటి రుచే, రుచి లేని రుచి. ఏప్రిల్ మొదటి వారంలో పాపకి జ్ఞానస్నానం చేయించి, అమ్మ విమానం ఎక్కింది.

ఇది మా ఆవిడకి చెప్పినప్పుడు ఆమె ఒక ప్రశ్న వేసింది. మీలో కూడా కొందరు అదే అడుగుతారని తెలుసు. "గోడ అలాగే ఉందిగా. మరి నువ్వు వెనక్కి వెళ్ళడమంటే వాళ్ళు చేసింది సరే అన్నట్టు కాదా?"

నేను చాలా ఆలోచించాను. కాదనే అనుకుంటున్నాను. ఇన్నాళ్ళూ గుడి వాళ్ళది, మేం అందులో ఓ మూల ఉన్నవాళ్ళం అన్నట్టే ఆలోచించాను. నేను అలిగి వెళ్ళిపోవడంలో కూడా ఆ లెక్కే ఉంది. ఇల్లు మనది కాదనుకుంటేనే కదా మనం అలిగి బయటికి పోయేది. నలభై ఏళ్ళు గంట కొట్టినవాడి గుడి కాకపోతే అది ఎవరి గుడి? తాతయ్య ఎన్నడూ దాన్ని వాళ్ళకి రాసివ్వలేదు. రాసిచ్చింది నేను. బయట కారులో కూచుని ఆ గోడని నేను ఒక్క ఇటుక కూడా కదపలేకపోయాను. లోపల ఉంటే కనీసం అడగడానికి నోరుంటుంది.

అందుకని అడిగాం. ఈ వేసవిలో నాన్న, నేను కలిసి మా పీఠాధిపతి గారికి ఒక ఉత్తరం రాశాం. నేను టైపు చేశాను, నాన్న సంతకం పెట్టి స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాడు. భారత కాథలిక్ పీఠాధిపతుల సమాఖ్యే 2016 డిసెంబరులో దళితుల సాధికారత విధానం అని ఒకటి ప్రకటించింది. శ్రీసభలో ఈ వివక్ష ఉందని వాళ్ళే అందులో ఒప్పుకున్నారు. ఆ సంగతి రాసి, మా శ్మశానంలో గోడ తీసెయ్యమని అడిగాం. కింద నా పేరు పూర్తిగా రాశాను. జ్ఞానస్నానపు పేరు, దాని పక్కన "ఉపదేశి గారి మనవడు" అని. ఇంతవరకు జవాబు రాలేదు. రాకపోతే మళ్ళీ రాస్తాం.

మొన్న నవంబరు 2న సమాధుల పండగ. మా ఊళ్ళో ఆ సాయంత్రం అందరూ సమాధులకి సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఇక్కడ తెల్లారుతుండగా అమ్మ వీడియో కాల్ చేసింది. తాతయ్య సమాధి చూపించింది. వెనకాల గోడ కనిపించింది, దాని మీద ఎవరివో చెప్పులు ఆరబెట్టి ఉన్నాయి. ఈసారి వెధవ గోడ అనబోయి ఆగాను, పక్కన పాప ఉందని. పాప ఆ వెలుగులన్నీ చూసి ఫోను నోట్లో పెట్టుకోబోయింది. "ముత్తాతరా" అన్నాను. "మన ముత్తాత ఉపదేశి."

కిందటి వారం ఆఫీసులో కొత్తగా చేరిన తెలుగబ్బాయి ఇంటికి భోజనానికి వచ్చాడు. హాల్లో పటం చూసి, "మీరు క్రిస్టియన్సా అండీ?" అన్నాడు. అవునన్నాను. ఆర్సీయం అన్నాను. గొంతు కొంచెం వణికింది, దాచను. అతను "ఓహో" అని, పప్పు ఇంకొంచెం వేయించుకున్నాడు.

వచ్చే నెల మామూలుగా పుస్తకాల కబుర్లు రాస్తాను.